ట్రినిడాడ్ క్రిస్మస్: అపోహలు – వాస్తవాలు

కరేబియన్ అనగానే మనకు క్రికెట్టూ, రమ్మూ, రంగురంగుల ఈకల కిరీటాలూ గుర్తొస్తాయి. అక్కడ క్రిస్మస్ ఎలా జరుగుతుందో మాత్రం ఎవరికి తోచింది వాళ్లు ఊహించేసుకుంటారు. ట్రినిడాడ్ దీవి సంగతే చూద్దాం.

అపోహ: బ్రిటిష్‌వాళ్లు ఏలిన దీవి కాబట్టి క్రిస్మస్ పాటలన్నీ ఇంగ్లిషువే.

వాస్తవం: ఇంగ్లిష్ కేరల్స్ వినిపిస్తాయి. కానీ పండగకు ఊపు తెచ్చేది ‘పరాంగ్’ అనే స్పానిష్ పాటలు. 1797లో బ్రిటిష్‌వాళ్లు పట్టుకునేదాకా ఆ దీవి స్పెయిన్‌ది. వెనిజులా తీరం అక్కడికి దాదాపు 11 కిలోమీటర్లే. ఆ దేశం నుంచి కోకో తోటల్లో పనికొచ్చినవాళ్లు ఈ పాటలకు మరింత బలమిచ్చారు. లోపినో, పరామిన్ లాంటి కొండ ఊళ్లు వీటికి పేరుమోసినవి. నాలుగు తీగల క్వాట్రో, గిలక్కాయల్లాంటి మరాకాస్ పట్టుకుని బృందం ఇంటి ముందు నిలబడుతుంది. తలుపు తీయమని ఒక పాట, లోపలికెళ్లాక యేసు పుట్టుక మీద పాటలు, తినీ తాగీ లేచేటప్పుడు ఇంటివాళ్లకు సెలవు చెబుతూ ఇంకో పాట. స్పానిష్ మాట్లాడటం రానివాళ్లు కూడా ఆ భాషలోనే పాడతారు.

అపోహ: కార్నివాల్ అంటే అక్కడి క్రిస్మస్ సంబరమే.

వాస్తవం: ట్రినిడాడ్‌లో రెండూ వేరు. కార్నివాల్ జరిగేది ఈస్టర్‌కు ముందు ఉపవాస కాలం మొదలయ్యే భస్మ బుధవారానికి ముందు వచ్చే సోమ, మంగళవారాల్లో. క్రిస్మస్, కొత్త సంవత్సరం రోజుల్లో కార్నివాల్ చేసుకునేది సెయింట్ కిట్స్ దీవిలో.

అపోహ: ‘బ్లాక్ కేక్’ నలుపు చాక్లెట్ వల్ల వస్తుంది.

వాస్తవం: అందులో చాక్లెట్ ఉండదు. ఎండుద్రాక్ష, ప్రూన్స్, చెర్రీలను రుబ్బి, రమ్ములోనూ చెర్రీ బ్రాందీలోనూ నెలల తరబడి నానబెడతారు. ఆ పండ్లూ, నల్లబడేదాకా మాడ్చిన చక్కెర పాకమూ కలిసి ఆ రంగు తెస్తాయి.

అపోహ: ఇది క్రైస్తవుల ఇళ్లకే పరిమితమైన పండగ.

వాస్తవం: 1845 నుంచి 1917 దాకా లక్షా నలభై వేలమందికి పైగా భారతీయులు కూలి ఒప్పందాల మీద ఆ దీవికి వెళ్లారు. మద్రాసు రేవులో ఓడెక్కినవారిలో తెలుగువాళ్లూ ఉన్నారు. దీపావళికీ రంజాన్‌కూ ప్రభుత్వ సెలవిచ్చే ఆ దేశంలో ఎందరో హిందువులు, ముస్లింలు కూడా డిసెంబరులో ఇంటికి రంగులేయిస్తారు, కొత్త కర్టెన్లు కడతారు, కేకు చేసి పంచుతారు.

అపోహ: క్రిస్మస్‌కు గ్లాసుల్లో పోసే ఎర్రటి ‘సారెల్’ ఒకరకం ద్రాక్షసారా.

వాస్తవం: ద్రాక్షకూ దానికీ సంబంధం లేదు. అది మన ఎర్ర గోంగూర, తెలంగాణవాళ్ల పుంటికూర జాతి మొక్కే. మనం ఆకు కోసుకుంటాం, వాళ్లు పువ్వు రాలాక కాయ చుట్టూ మిగిలే కండగల ఎర్ర రేకలు కోస్తారు. పగటిపొద్దు తగ్గినప్పుడే పూసే మొక్క కావడంతో సంవత్సరం చివర్లో కోతకొస్తుంది. అందుకే అది క్రిస్మస్ పానీయమైంది. లోపలి గింజకాయ తీసేసి, రేకలను దాల్చినచెక్క, లవంగాలు, అల్లంతో మరిగించి, రాత్రంతా ఊరనిచ్చి, వడకట్టి చక్కెర కలుపుతారు. రమ్ము పోయడం, మానడం ఇంటివాళ్ల ఇష్టం. పెరట్లో ఎర్ర గోంగూర కాయలు పట్టినప్పుడు మనమూ చేసుకోవచ్చు, పులుపుకు తగ్గట్టు చక్కెర కాస్త ఎక్కువే పడుతుంది.