తుంటి స్నాయువు చిరుగు

తుంటి స్నాయువు చిరుగు అనగా పిర్ర కండరాలను తొడ ఎముకకు కలిపే స్నాయువు పాక్షికంగా గాని, పూర్తిగా గాని చిరిగిపోవడం. స్నాయువునే టెండన్ అని కూడా అంటారు. ఇది పురుషులలో కంటే స్త్రీలలో, ముఖ్యంగా 40 ఏళ్ళు దాటినవారిలో, చాలా ఎక్కువ. 1997లో బ్రిటన్‌లో బంకర్, ఆయన సహచరులు తొడ ఎముక మెడ విరిగిన 50 మందిని పరిశీలించి, 11 మందిలో ఈ చిరుగును గుర్తించారు.

కారణాలు

గ్లూటియస్ మీడియస్, గ్లూటియస్ మినిమస్ అనే కండరాలు నడకలో ప్రతి అడుగుకూ కటి ఒక ప్రక్కకు ఒరగకుండా నిలుపుతాయి. స్త్రీల కటి నిర్మాణం వలన వీటి స్నాయువులపై ఒత్తిడి అధికమనీ, ముట్లుడిగిన తరువాత ఈస్ట్రోజెన్ తగ్గడం వలన అవి బలహీనపడతాయనీ వైద్యులు భావిస్తున్నారు. ఒక కాలిపై బరువు మోపి తుంటిని ప్రక్కకు వాల్చి నిలబడితే స్నాయువు ఎముకకు అదుముకుంటుంది. నీళ్ళ బిందెను గాని, బిడ్డను గాని చంకన ఎత్తుకొన్నప్పటి భంగిమ ఇటువంటిదే.

లక్షణాలు

తుంటి వెలుపలి వైపు నొప్పి, ఆ ప్రక్కకు తిరిగి పడుకోలేకపోవడం, మెట్లు ఎక్కలేకపోవడం, కుంటు నడక ముఖ్య లక్షణాలు. దీనిని నడుము నొప్పిగానో, కీళ్ళ అరుగుదలగానో పొరబడడం కద్దు. మామూలు ఎక్స్-రేలో స్నాయువు కనబడదు. ఎం.ఆర్.ఐ. లేదా అల్ట్రాసౌండ్ పరీక్ష అవసరం.

చికిత్స

మొదట వ్యాయామ చికిత్స చేస్తారు. స్నాయువు దెబ్బతిన్న 204 మందిపై ఆస్ట్రేలియాలో జరిపిన అధ్యయనం 2018లో వెలువడింది. వీరిలో అత్యధికులు స్త్రీలు. 8 వారాలకు, వ్యాయామంతో పాటు తగిన సూచనలు పొందినవారిలో 77 శాతం మంది, స్టెరాయిడ్ ఇంజెక్షను తీసుకొన్నవారిలో 58 శాతం మంది మెరుగుపడ్డారు. వ్యాయామంతో తగ్గని పెద్ద చిరుగులకు శస్త్రచికిత్స చేసి, స్నాయువును ఎముకకు తిరిగి కుడతారు.

కోలుకొనుట

శస్త్రచికిత్స తరువాత సుమారు 6 వారాలు చంకకర్రలతో నడవాలి. కాలుమీద కాలు వేసుకొని కూర్చోరాదు. కండరానికి బలమిచ్చే వ్యాయామాలు దాదాపు 3 నెలల తరువాత మొదలవుతాయి. పూర్తిగా కోలుకోవడానికి 6 నెలల నుండి ఏడాది పడుతుంది. శస్త్రచికిత్స చేయించుకొనే పురుషులు తక్కువ కావడం వలన స్త్రీ పురుషుల ఫలితాలను పోల్చడం కష్టం. చిరుగు ఎంత పెద్దది, కండరం ఎంతవరకు కొవ్వుగా మారింది అన్నవి ఫలితాన్ని నిర్ణయించే ముఖ్యాంశాలు. కావున ఆలస్యం హానికరం.

రాయలసీమలో

కర్నూలు, కడప ప్రాంతపు మెట్ట పొలాలలో వేరుశనగ కలుపుతీత, కాయకోత వంటి పనులలో స్త్రీల పాలు ఎక్కువ. రోజుకూలిపై బ్రతికేవారికి నెలల తరబడి విశ్రాంతి అంటే ఆదాయం కోల్పోవడమే. అందువలన నొప్పిని ఓర్చుకొని పనికి పోవడం కంటే తొలిదశలోనే పరీక్ష చేయించుకోవడం మేలు. కర్నూలు, కడపలలోని ప్రభుత్వ సర్వజన వైద్యశాలలలో ఎముకల వైద్య విభాగాలు ఉన్నాయి.