ముందు దూలం, తర్వాత నలుసు

గురివింద గింజకు తన కింది నలుపు తెలియదని పల్లెల్లో పెద్దలు అంటూ ఉంటారు. ఇంచుమించు అదే సంగతిని ఏసుక్రీస్తు గలిలయలో కొండమీద మరోవిధంగా చెప్పారు. తన కంట్లో దూలం ఉంచుకుని పొరుగువాని కంట్లో నలుసు తీయబోయే మనిషిని చూపి, తీర్పు తీర్చవద్దని బోధించారు. ఆయన వడ్రంగి పని చేసినవారు. దూలం బరువెంతో, రంపపు పొట్టు కంట్లో పడితే ఎలా ఉంటుందో ఎరిగినవారు.

ఈ బోధను చాలామంది సగమే చెప్పుకుంటారు. తమను ఎవరూ ఏమీ అనరాదని దీనిని అడ్డం పెట్టుకునేవారూ లేకపోలేదు. కాని ఏసు నలుసును అలాగే వదిలేయమనలేదు. ముందు తన దూలం తీసుకున్నవానికి, ఎదుటివాని నలుసు తీయడానికి చూపు తేటపడుతుందన్నారు.

మత్తయి సువార్త 18వ అధ్యాయంలో అందుకొక వరుస కూడా ఉంది. తప్పు చేసిన సోదరుని వద్దకు మొదట ఒంటరిగా వెళ్ళాలి. వినకుంటే ఒకరిద్దరు సాక్షులను వెంటబెట్టుకు వెళ్ళాలి. అప్పటికీ వినకుంటేనే సంఘానికి చెప్పాలి. ఊళ్ళలో జరిగేది దీనికి తలకిందులు. మాట మొదట పంపు దగ్గర, తర్వాత టీ బంకులో, ఆపైన చర్చి మెట్లమీద నలుగుతుంది. అసలు మనిషికి అందరికంటే చివర తెలుస్తుంది.

బాహాటంగా తప్పుడు కాపురం చేస్తున్న ఒకనిని వెలివేయమని అపొస్తలుడు పౌలు కొరింథు సంఘానికి రాశాడు. అదే లేఖలో, మనసుల్లో దాగిన ఆలోచనలను ప్రభువు వచ్చి బయటపెట్టేవరకు తొందరపడి తీర్పు చెప్పవద్దనీ రాశాడు. అంటే చేసిన పనిని సంఘం విచారించవచ్చు. మనసులో ఏముందో తేల్చే అధికారం మాత్రం దానికి లేదు.

ఈ తేడా ఎంత బరువైనదో ఒంగోలు ప్రాంతంలో జరిగినది చూస్తే తెలుస్తుంది. 1876-78 కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ళ తవ్వకం పని తీసుకుని, ఆకలితో అలమటించేవారికి కూలి కల్పించారు. వారిలో మాదిగవాడలవారు ఎక్కువ. బాప్తిస్మం ఇమ్మని ఎందరు అడిగినా ఆయన ఏడాదికి పైగా ఇవ్వలేదు. తిండికోసం కలిశారన్న మాట వస్తుందని ఆయన వెనుకాడారు. 1878లో వారు మళ్ళీ వచ్చారు. సాయం చేయడానికి డబ్బు లేదని చెప్పినా, తాము డబ్బుకోసం రాలేదన్నారు. ఆ ఏడాది జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా నీళ్ళలో నిలబడ్డారు.

అయినా కూటికోసం మతం మారారన్న నింద వారిని వదలలేదు. కూటికి వచ్చారో, దేవునికి వచ్చారో తూచిన త్రాసు ఎవరి దగ్గర ఉందో గాని, ఆనాడు ఏట్లో దిగినవారి మునిమనుమల పిల్లలు ఆ చుట్టుపక్కల చర్చీలకు ఇప్పటికీ ఆదివారం ఆరాధనకు వస్తూనే ఉన్నారు.