సున్న వెనక దాగిన సున్న

నెల్లూరు తీరం ఊళ్ల పేర్లన్నీ మా బడి పిల్లలూ నేనూ కలిసి కంప్యూటర్‌లో ఎక్కించాం. తుమ్మలపెంట, రామతీర్థం, మైపాడు, కొత్తకోడూరు, కృష్ణపట్నం. పని అయ్యాక సరిచూద్దామని కృష్ణపట్నం అని కొట్టి వెతికితే, ఆ పేరే లేదంది కంప్యూటర్. తెర మీద ఎదురుగా కనబడుతూనే ఉంది. అక్షరాలు పెద్దవి చేసి చూశాను. ఫాంటు మార్చి చూశాను. తప్పు దొరకలేదు.

దాన్ని పట్టుకున్నది మా తరగతిలో చూపులేని అమ్మాయి. హెడ్‌ఫోన్ పెట్టుకుని, కీబోర్డు కుడివైపు మీటల మీద మూడు వేళ్లు ఆనించి, ఆ పేరును అక్షరం అక్షరం విన్నది. "చివర ఉండేది సున్న కాదు సార్, అంకె" అంది.

ఆమె వాడేది ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్, అంటే తెర మీది మాటలను చదివి వినిపించే ప్రోగ్రాము. అందులో నమ్‌లాక్ ఆపి పెడితే కుడివైపు అంకెల మీటలు చదివే మీటలవుతాయి. 1 నొక్కితే వెనకటి అక్షరం, 3 నొక్కితే తర్వాతి అక్షరం, 2 నొక్కితే ఇప్పుడున్న అక్షరం వినబడతాయి. 2ను వెంటవెంటనే మూడుసార్లు నొక్కితే ఆ అక్షరానికి యూనికోడ్‌లో, అంటే ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే పట్టికలో, ఉన్న సంఖ్య చెబుతుంది. కృష్ణపట్నం చివర ఉండాల్సిన సున్న సంఖ్య 3074. ఆమెకు వినిపించింది 3174. అది తెలుగు అంకెల్లోని సున్న. ఎవరో గుర్తుల పట్టికలోంచి ఏరి పెట్టి ఉంటారు. రెండింటికీ తేడా సరిగ్గా వంద. ఆకారం ఒకటే, మనం పిలిచే పేరూ ఒకటే. కంటికి చిక్కదు, పేరు విన్నా తేలదు. సంఖ్య అడిగితే తప్ప ఆ ముడి వీడదు.

ఈ మీటలు కదిపేదాన్ని రివ్యూ కర్సర్ అంటారు. నాకు ఇందులో అన్నిటికంటే నచ్చిన తెలివి ఇదే. రాసే కర్సర్ ఎక్కడిదక్కడే ఉంటుంది, చదివే కర్సర్ మాత్రం తెరంతా తిరిగొస్తుంది. పలక మీద బలపం ఆనించి ఉంచి, ఎడమచేతి వేలితో పై వరుస వెంట పోతూ చదివే పిల్లవాణ్ణి తలుచుకోండి. బలపం కదలలేదు కనుక రాత చెడదు.

తెలుగుకు వచ్చేసరికి ఈ అక్షరం అక్షరం చదవడంలో ఇంకో అందం ఉంది. నెల్లూరు అన్న మాటలో మన కంటికి మూడక్షరాలు: నె, ల్లూ, రు. కంప్యూటర్ దాచుకునేవి ఎనిమిది: న, ఎత్వం, ల, పొల్లు, ల, కొమ్ముదీర్ఘం, ర, కొమ్ము. పెద్ద గొంతుతో ఒకసారి చదవండి. ఒకటో తరగతిలో పంతులుగారు గుణింతం చెప్పించిన తీరు గుర్తొస్తుంది. తలకట్టుకు సంఖ్యే లేదు, న అంటేనే అందులో అకారం ఉన్నట్టు లెక్క. లవత్తుకూ సంఖ్య లేదు. ల తర్వాత పొల్లు పెట్టి దాని అకారం తీసేస్తారు, పక్కన ఇంకో ల వస్తుంది. ఆ రెండో లను కిందికి దించి వత్తుగా గీసే పని ఫాంటుది. తెర మీద ఎత్వం న నెత్తిన ఉంటుంది, వత్తు ల కింద ఉంటుంది. లోపల మాత్రం పైనా కిందా లేవు, పలికే వరుస ఒక్కటే ఉంది. చెవితో చదివేవారికి కావలసిందీ ఆ వరుసే. కొన్ని ప్రోగ్రాముల్లో ఒక మీటకు గుణింతాక్షరం మొత్తం వస్తుంది, కొన్నింట్లో హల్లు వేరుగా, గుర్తు వేరుగా వస్తాయి. వాడేవాళ్లు రెండింటికీ అలవాటు పడాల్సిందే.

మరి తెర మీది అక్షరం స్క్రీన్ రీడర్‌కు ఎలా అందుతుంది? కంప్యూటర్లు డాస్‌తో నడిచిన రోజుల్లో అది చాలా తేలిక. తెర అంటే 25 వరుసలు, వరుసకు 80 గళ్లు, మొత్తం 2000 గళ్లు. ఒక్కో గడికి మెమరీలో రెండు బైట్లు: ఒకటి అక్షరానికి, ఒకటి రంగుకు. తర్వాతి అక్షరం కావాలంటే రెండు బైట్లు ముందుకు, పై వరుస కావాలంటే 160 బైట్లు వెనక్కి జరిగితే చాలు. ఐబీఎంలో జిమ్ థాచర్, చూపులేని తన సహోద్యోగి జెస్సీ రైట్ తోడుగా ఈ దారినే స్క్రీన్ రీడర్ తయారుచేశాడు. 1980లలో అది బయటికి వచ్చింది.

తర్వాత కిటికీలు, బొమ్మలు, మౌసు వచ్చాయి. చూపున్నవాళ్లకు పండగ, లేనివాళ్లకు తలుపు మూసినట్టయింది. తెర మీద అక్షరం అనేదే లేకుండా పోయి చుక్కలు మిగిలాయి. దానికి కనిపెట్టిన ఉపాయం ఎంత చెప్పినా తనివి తీరదు. ప్రోగ్రాము "ఫలానా చోట ఈ మాట గియ్యి" అని తెరకు పంపే ఆజ్ఞను దారిలోనే కాపు కాసి వినడం, విన్నదాన్ని మెమరీలో రాసిపెట్టుకోవడం. అలా ఎవరికీ కనబడని రెండో తెర ఒకటి లోపల తయారవుతుంది. కిటికీ జరిగితే అందులోనూ జరపాలి, ఒకదాని మీద ఇంకోటి పడితే అందులోనూ చెరపాలి. ఒక్క ఆజ్ఞ జారిపోయినా చెవికి అబద్ధం చేరుతుంది. అయినా ఏళ్ల తరబడి ఎందరో చూపులేని ఉద్యోగులు ఆ రెండో తెర మీదే జీతం సంపాదించుకున్నారు.

1997లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన ఏర్పాటుతో ప్రోగ్రాములే తమలో ఏముందో అడిగితే చెప్పడం మొదలుపెట్టాయి. 2006లో ఆస్ట్రేలియాలో చూపులేని యువకుడు మైకేల్ కరన్ ఎన్‌వీడీఏ రాయడం మొదలుపెట్టాడు, చూపులేని మిత్రుడు జేమ్స్ టే చేయి కలిపాడు. దాన్ని ఉచితంగా ఇచ్చారు. దానితో వచ్చే ఈస్పీక్ గొంతుకు తెలుగు కూడా వచ్చు. మొదటిసారి వింటే మరమనిషి గొంతులా ఉంటుంది గానీ, ఎంత వేగం పెంచినా అక్షరం చెదరదు. ఇప్పుడు ఫోన్లూ తెలుగు చదువుతున్నాయి.

ఆ అమ్మాయికి ఇప్పటికీ మూసుకునే ఉన్న తలుపులు రెండు. మొదటిది పాత డీటీపీ ఫాంట్లతో కొట్టిన తెలుగు. కంటికి తెలుగే, లోపల ఇంగ్లిష్ అక్షరాల సంఖ్యలు. వింటే అర్థంలేని కూత. రెండోది, నోటీసును ఫొటో తీసి పంపడం. ఫొటో నుంచి అక్షరాలు ఏరే ప్రోగ్రాములు ఉన్నా, అవి ఊహించి చెప్పేవే. ఊహించేదాన్ని నమ్మి హాల్‌టికెట్ నంబరు, ఫీజు గడువు ఎలా రాసుకుంటుంది?

అందుకని బడి నోటీసు, పెళ్లి పిలుపు, పంచాయతీ ప్రకటన, ఏది పంపినా దయచేసి ఫొటోతోపాటు యూనికోడ్ తెలుగులో కొట్టి కూడా పంపండి. సున్న పెట్టేటప్పుడు అంకెల్లోంచి తీయకండి.