నడువలేనివారు బరువు తగ్గుట ఎట్లు?

బరువు తగ్గుటకు మార్గమేమని అడిగినచో, వేకువనే లేచి నడువుమని ఎవరైనను చెప్పుదురు. నడక మంచిదే. కాని మోకాళ్లు అరిగిన వృద్ధులకును, పక్షవాతము నుండి కోలుకొనుచున్న వారికిని, ఆయాసముచే వీధి చివరి వరకైనను పోజాలని వారికిని ఆ సలహా వలన కలుగు మేలు స్వల్పము. బరువు పెరిగినందున నడువలేరు. నడువలేనందున మరింత బరువు పెరుగుదురు. ఇట్టివారు ప్రతి గ్రామమునందును ఉన్నారు. వారికి ఆహారము ద్వారా బరువు తగ్గు మార్గము కలదని పంచాయతీ సభ్యులకు వివరించుటయే మా ఉద్దేశము.

స్థూలకాయము పట్టణములలోని ధనికులకు మాత్రమే వచ్చునను అభిప్రాయము నేడు చెల్లదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము 15 మొదలు 49 ఏండ్ల వయసు గల స్త్రీలలో అధిక బరువు గలవారు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 36 మంది, తెలంగాణలో నూటికి 30 మంది. ఒకే ఇంట బక్కచిక్కిన పసిబిడ్డయు, బరువెక్కి లేవలేని నాయనమ్మయు ఉండుట వింత కాదు. ఇరువురి కంచములలోను అన్నమే అధికము. పప్పు, కూర, పాలు తక్కువ.

నడవకయే బరువు తగ్గుట ఎట్లు సాధ్యమని కొందరు సందేహింపవచ్చును. ఈ లెక్క చూడుడు. అరగంట నడకచే ఖర్చగు శక్తి సుమారు 100 నుండి 150 కేలరీలు. మూడు చిన్న చెంచాల నూనెలో దాదాపు అంతే శక్తి కలదు. 100 గ్రాముల బియ్యములో సుమారు 350 కేలరీలు, 10 గ్రాముల పంచదారలో 40 కేలరీలు ఉండును. దినమునకు నాలుగు పర్యాయములు రెండేసి చెంచాల పంచదారతో టీ త్రాగువారు, పంచదార మానినంతనే 160 కేలరీలు తగ్గింతురు. పగలు, రాత్రి కలిపి 100 గ్రాముల బియ్యపు అన్నము తగ్గించినచో మరియొక 350 తగ్గును. ఈ రెంటిచేతనే దినమునకు 500 కేలరీలు తగ్గినవి. దేహములోని ఒక కిలో కొవ్వు సుమారు 7,700 కేలరీలతో సమానము. కావున తొలి దినములలో నెలకు ఒకటి రెండు కిలోలు తగ్గుట సాధ్యము. పిమ్మట ఈ వేగము కొంత మందగించును, అందులకు నిరుత్సాహపడరాదు.

అన్నము తగ్గించుట యనగా ఆకలితో మాడుట కాదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన ఆహార నియమముల ప్రకారము, కంచములో సుమారు సగము కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు ఉండవలెను. బీర, సొర, పొట్ల, తోటకూర వంటివి కడుపు నింపును, అల్పశక్తి నిచ్చును. పప్పు, గుడ్డు, చేప, వెన్న తీసిన మజ్జిగ మాత్రము తగ్గింపరాదు. ఇవి లోపించినచో కొవ్వుతోపాటు కండయు కరగి, కాళ్లు మరింత బలహీనమగును.

ఇచ్చట ఒక అపోహను తొలగింపవలసి యున్నది. రాగులు, కొర్రలు, జొన్నలు తినినంతనే బరువు తగ్గుదురని పలువురు నమ్ముచున్నారు. వీనిలో పీచు అధికము, మేలైనవే. కాని తూకమునకు తూకము చూచినచో వీని శక్తి బియ్యపు శక్తికి దాదాపు సమానము. ఎంత తిందుమనునది ముఖ్యము.

వంట మిగిలినచో పారవేయుటకు మనసొప్పక ఇల్లాలు తానే తినుట మన ఇండ్లలో వాడుక. అన్నమును గౌరవించుట మంచి గుణమే. అయితే ఆ గౌరవమును బియ్యము కొలుచునప్పుడే చూపవలెను.

కొంచెము తగ్గినను ఫలితము గొప్పది. మోకాళ్ల నొప్పి గల వృద్ధులను పరీక్షించి 2005లో ప్రకటించిన పరిశోధన ప్రకారము, ఒక కిలో బరువు తగ్గినచో ప్రతి అడుగునందును మోకాలిపై భారము సుమారు 4 కిలోలు తగ్గును. 72 కిలోల స్త్రీ 5 కిలోలు తగ్గినచో, అడుగడుగునకు 20 కిలోల భారము దిగినట్లే. ఒకరి సాయము లేకుండ స్నానమునకు పోగలుగుట, రేషను దుకాణమునకు తానే వెళ్లగలుగుట ఆమెకు చిన్న విషయములు కావు. కూర్చున్నచోటనే ఒక్కొక్క కాలును చాచి, కొంతసేపు నిలిపి దించుచుండినచో కండబలమును నిలుచును.

కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. గర్భిణులు, బాలెంతలు బరువు తగ్గుటకై ఆహారము తగ్గింపరాదు. మధుమేహమునకు మాత్రలు గాని, ఇన్సులిను గాని వాడువారు వైద్యుని అడుగక అన్నము తగ్గించినచో రక్తములో చక్కెర ప్రమాదకరముగా పడిపోవచ్చును. మూత్రపిండముల వ్యాధి గలవారు పప్పు, మాంసము విషయమై వైద్యుని సలహా పొందవలెను. ప్రయత్నింపకయే బరువు తగ్గుచున్నచో సంతోషింపరాదు. అది క్షయ, మధుమేహము వంటి వ్యాధులకు సూచన కావచ్చును.

ఇందు పంచాయతీ సభ్యులు చేయదగిన పని కలదు. వార్డులో ఇల్లు కదలలేని వారెవ్వరో సభ్యులకు తెలియును. వారి పేర్లను ఆరోగ్య ఉపకేంద్రపు సిబ్బందికి తెలిపి, నెలకొక పర్యాయము బరువు, రక్తపుపోటు చూపించు ఏర్పాటు చేయవచ్చును. పెరడు గల ఇండ్లలో ఆకుకూరలు, తీగజాతి కూరలు పెంచుటకు ప్రోత్సహింపవచ్చును. పంచాయతీ సమావేశములలో పంచదార లేని టీని, మిఠాయికి బదులు జామపండును ఇచ్చి తామే దారి చూపవచ్చును. అన్నిటికంటె ముఖ్యము, లావుగా నున్నవారిని పరిహసింపకుండుట. పరిహాసమునకు జంకి ఇల్లు కదలని మనిషి వైద్యుని కడకును రాడు. మంచి మాటతో పిలిచినచో వచ్చును.