యూఎస్‌బీ పెట్టగానే బ్లూ స్క్రీన్ వస్తోందా? ఫార్మాట్ కొట్టించే ముందు ఇవి చూడండి

నెల్లూరు: ముత్తుకూరులోనో, మైపాడులోనో ఓ నెట్ సెంటర్ అనుకోండి. బయట పది మంది క్యూలో ఉన్నారు. వేలిముద్ర యంత్రం వైరు గుచ్చారు.. అంతే, కంప్యూటర్ తెర మొత్తం నీలంగా మారిపోయింది. ఆన్ చేస్తే మళ్లీ అదే కథ. వెంటనే వినిపించే మాట ఒకటే.. "విండోస్ పోయింది, ఫార్మాట్ కొట్టాల్సిందే". అదే తొందరపాటు. బ్యాకప్ లేకుండా ఫార్మాట్ కొడితే కస్టమర్ల ఫైళ్లు, బిల్లులు, ఫొటోలు పోతాయి. అసలు తప్పు విండోస్‌ది కాకపోతే, ఫార్మాట్ తర్వాత కూడా అదే నీలి తెర వస్తుంది.

అసలు ఎందుకిలా జరుగుతుంది?

ప్రింటర్, స్కానర్, వేలిముద్ర యంత్రం.. ఏ యూఎస్‌బీ పరికరమైనా కంప్యూటర్‌తో మాట్లాడాలంటే మధ్యలో డ్రైవర్ అనే చిన్న సాఫ్ట్‌వేర్ కావాలి. మామూలు యాప్ తప్పు చేస్తే ఆ యాప్ ఒక్కటే ఆగిపోతుంది. కానీ చాలా డ్రైవర్లు కెర్నల్‌లో, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయలో పనిచేస్తాయి. అక్కడ ఒక డ్రైవర్ తనది కాని మెమరీలో వేలు పెడితే, డేటా పాడవకుండా విండోస్ తనంతట తానే ఆగిపోతుంది. బ్లూ స్క్రీన్ అంటే అదే. కొత్త విండోస్ 11లో ఈ తెర నలుపు రంగులో వస్తుంది.

ఇది మనకే వచ్చిన కష్టం కాదు. 1998 ఏప్రిల్ 20న చికాగోలో విండోస్ 98ని జనానికి చూపిస్తుండగా, స్కానర్‌ను యూఎస్‌బీకి తగిలించిన మరుక్షణమే బ్లూ స్క్రీన్ వచ్చింది. వేదికపై సాక్షాత్తూ బిల్ గేట్సే ఉన్నారు!

తీరంలో ఉప్పుగాలి సమస్య

సముద్రం పక్కన ఉండేవాళ్లకు ఇంకో తలనొప్పి ఉంది. గాలిలోని ఉప్పు యూఎస్‌బీ పోర్టులో చేరుతుంది. ఉప్పుకు తేమను లాక్కునే గుణం ఉంది కాబట్టి లోపలి లోహపు రేకులు మెల్లగా తుప్పు పడతాయి. పైపూత అరిగిన చోట పచ్చగానో తెల్లగానో పొర కనిపిస్తుంది. దాంతో కాంటాక్ట్ సరిగా అందదు. ముట్టుకోకుండానే పరికరం పెట్టినప్పుడు, తీసినప్పుడు వచ్చే శబ్దం పదే పదే వినిపిస్తుంటే అనుమానించాల్సింది దీన్నే. నిజానికి కనెక్షన్ తెగినంత మాత్రాన కంప్యూటర్ కుప్పకూలకూడదు. కానీ డ్రైవర్ కూడా లోపాలతో ఉంటే, ఈ తెగడం, అతకడంలోనే అది తడబడుతుంది.

కారణం ఎలా పట్టుకోవాలి?

1. ముందు తెరను ఫొటో తీయండి. కింద స్టాప్ కోడ్ ఉంటుంది. "బగ్‌కోడ్ యూఎస్‌బీ డ్రైవర్" అని ఉంటే అనుమానం నేరుగా యూఎస్‌బీ మీదే. "డ్రైవర్ పవర్ స్టేట్ ఫెయిల్యూర్" అంటే ఏదో పరికరం నిద్రలోకి వెళ్లడంలోనో, లేవడంలోనో తేడా వచ్చిందని అర్థం. ఫైలు పేరు ఏదైనా కనిపిస్తే అదీ రాసుకోండి.

2. కీబోర్డ్, మౌస్ తప్ప అన్నీ పీకేసి రీస్టార్ట్ చేయండి. బాగానే నడిస్తే ఒక్కోటీ తగిలించి కాసేపు చూడండి. ఏది పెట్టినప్పుడు ఆగిందో దొంగ అక్కడే ఉన్నాడు.

3. అదే పరికరాన్ని వేరే పోర్టులో, వేరే కేబుల్‌తో, వీలైతే వేరే కంప్యూటర్‌లో పెట్టి చూడండి. ఒక పోర్టులో ఏది పెట్టినా తేడా వస్తే లోపం పోర్టుది. ఎక్కడ పెట్టినా ఒకే పరికరం ఇబ్బంది పెడితే తప్పు దానిదో, దాని డ్రైవర్‌దో.

4. పవర్ చూడండి. యూఎస్‌బీ 2 పోర్టు మామూలుగా 5 వోల్టుల దగ్గర 500 మిల్లీ యాంపియర్లు, యూఎస్‌బీ 3 అయితే 900 ఇస్తుంది. హార్డ్ డిస్క్, స్కానర్ అన్నీ ఒకే చిన్న హబ్‌కు తగిలిస్తే ఆ కరెంటు చాలదు. సొంత అడాప్టర్ ఉన్న హబ్ వాడండి. డెస్క్‌టాప్ అయితే వెనుక పోర్టుల్లో పెట్టి చూడండి.

డ్రైవర్ తప్పయితే?

డివైజ్ మేనేజర్‌లో ఆ పరికరం మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, ఆ తర్వాత డ్రైవర్ ట్యాబ్‌లోకి వెళ్లండి. ఈమధ్య అప్‌డేట్ తర్వాతే సమస్య మొదలైతే "రోల్ బ్యాక్ డ్రైవర్" నొక్కండి. అది పనిచేయకపోతే అన్‌ఇన్‌స్టాల్ చేసి, తయారీ కంపెనీ అధికారిక వెబ్‌సైట్ నుంచే మళ్లీ వేసుకోండి. ఎవరో పెన్ డ్రైవ్‌లో ఇచ్చిన పాత డ్రైవర్ వద్దు. ఆధార్ వేలిముద్ర యంత్రాలకు డ్రైవర్‌తో పాటు ఆర్‌డీ సర్వీస్ సాఫ్ట్‌వేర్ కూడా ఉంటుంది, దాన్నీ అప్‌డేట్ చేయాలి. ఖాళీగా వదిలేసి మళ్లీ వాడినప్పుడే ఆగిపోతుంటే, పవర్ ఆప్షన్స్‌లో "యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్" ఆఫ్ చేసి చూడండి.

విండోస్ అసలు ఓపెనే కాకపోతే? ముందు యూఎస్‌బీ పరికరాలు తీసేయండి. వరుసగా కొన్నిసార్లు బూట్ ఫెయిలైతే రిపేర్ తెర దానంతట అదే వస్తుంది. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్ ద్వారా సేఫ్ మోడ్‌లోకి వెళ్లి డ్రైవర్ తీసేయొచ్చు. బిట్‌లాకర్ ఉన్న ల్యాప్‌టాప్ అయితే రికవరీ కీ అడగొచ్చు, దగ్గర పెట్టుకోండి.

పోర్టు శుభ్రం చేయాలంటే..

కంప్యూటర్ ఆఫ్ చేసి, ప్లగ్ తీసేశాకే చేయాలి. మెత్తటి బ్రష్‌కు కొద్దిగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది తుడవండి. పూర్తిగా ఆరాకే ఆన్ చేయండి. పిన్నీసు, తడిబట్ట మాత్రం వద్దు. తుప్పు బాగా తినేసిన పోర్టును మార్పించడమే మేలు.

యూఎస్‌బీలన్నీ తీసేసినా కంప్యూటర్ ఆగిపోతోందా? అప్పుడు అనుమానం ర్యామ్, హార్డ్ డిస్క్, పవర్ సప్లై వైపు మళ్లించాలి. విండోస్ మెమరీ డయాగ్నస్టిక్‌తో ర్యామ్‌ను మీరే పరీక్షించుకోవచ్చు.

మెకానిక్ దగ్గరికి వెళ్లాల్సి వస్తే మూడు విషయాలు చెప్పండి.. స్టాప్ కోడ్ ఏంటి, ఏ పరికరం పెట్టినప్పుడు ఆగింది, వేరే పోర్టులో ఎలా ఉంది. సగం పని అక్కడే అయిపోతుంది. ఫార్మాట్ అనే మాట వస్తే మాత్రం "ముందు డేటా బ్యాకప్ తీయండి" అని గట్టిగా చెప్పండి.