మీకు తెలుసా? పర్యావరణహిత భవనానికి అదనపు ఖర్చు ఎందుకు?

పర్యావరణహిత భవనాలకు ఇచ్చే లీడ్ ప్లాటినం రేటింగ్‌ను అమెరికా వెలుపల అందుకున్న మొట్టమొదటి భవనం మన రంగారెడ్డి జిల్లాలోనే ఉందని మీకు తెలుసా? ఇబ్రహీంపట్నం వాళ్లు అవుటర్ ఎక్కి జిల్లాకు అటు చివర దిగితే, కొత్తగూడలో ఉంటుంది సీఐఐ-సొరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్. రేటింగ్ 2003లో వచ్చింది. 2004 జులై 14న రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించారు.

మామూలు కట్టడం కంటే దానికి 18 శాతం ఎక్కువ ఖర్చయింది. కరెంటు, నీళ్ల ఆదాతో ఆ సొమ్ము ఏడేళ్లలో తిరిగొస్తుందని లెక్కగట్టారు.

ఎందుకంత ఎక్కువ? పైకప్పు మీద తోట పెంచారు. తడిసిన మట్టి బరువును మోయాలంటే స్లాబు గట్టిగా ఉండాలి, వాటర్‌ప్రూఫింగ్ పక్కాగా ఉండాలి, చుక్క నీరు నిలవకూడదు. వాడిన నీటిని మొక్కల వేళ్ల మధ్య వడకట్టి మళ్లీ వాడతారు, దానికి వేరే పైపులు. గాలిని చల్లబరిచే టవర్లు, సోలార్ పలకలు సరేసరి. అప్పట్లో ఆ సరుకు అమ్మేవాళ్లూ తక్కువే, ఆ పని తెలిసిన మేస్త్రీలూ తక్కువే. పైగా భవనం 20 వేల చదరపు అడుగులే. డిజైన్, పరీక్షలు, సర్టిఫికెట్ల ఖర్చంతా అంత చిన్న కట్టడం మీదే పడింది.

పని అలవాటయ్యేకొద్దీ అదనం తగ్గింది. ప్లాటినం భవనాల్లోనే చూడండి: 2004లో గురుగ్రామ్ ఐటీసీ గ్రీన్ సెంటర్‌కు 15 శాతం, మరుసటి ఏడు అక్కడే విప్రో భవనానికి 8, 2008లో ముంబయి కల్పతరు స్క్వేర్‌కు 2 శాతమే.

ఇలాంటి ఏర్పాట్లు ఆలస్యంగా చేస్తే మాత్రం ఖర్చు ఎప్పుడూ ఎక్కువే. స్నానాల నీళ్లను మొక్కలకు మళ్లించే పైపు గోడలు లేచేటప్పుడే వేస్తే దాని ఖరీదు కొంచెమే. గృహప్రవేశం అయ్యాక వేయాలంటే టైల్స్ పగలగొట్టాలి. పడమటి ఎండ తగలకుండా కిటికీలు ఎటు పెట్టాలో ప్లాన్‌లోనే తేల్చుకుంటే పైసా అదనం ఉండదు.

సాగర్ రోడ్డు వెంచర్లలో ఇల్లు కట్టబోతున్నారా? ముగ్గు పోయకముందే మీ ఇంజినీరుతో ఈ రెండూ మాట్లాడండి.