గాజుపలకకు గాలితిత్తి ఎక్కడిది?

హార్మోనియాన్ని మీలో చాలామంది చూసే ఉంటారు. భజన జరిగే చోట, పద్యనాటకం ఆడే చోట అది కనిపిస్తూనే ఉంటుంది. వాయించే ఆయన ఒక చేత్తో మెట్లు నొక్కుతూ, రెండో చేత్తో వెనక ఉన్న తిత్తిని ఊపుతూ ఉంటాడు. అందరి చూపూ మెట్ల మీది వేళ్ల మీదే. తిత్తి ఊపే చేతిని ఎవరూ పట్టించుకోరు. కాని ఆ చెయ్యి కాసేపు ఆగిందంటే పాటా ఆగిపోతుంది!

ఈ హార్మోనియానికి ఇంగ్లండులో ఒక చిన్న చుట్టం ఉంది. పేరు కాన్సర్టీనా. ఆరు మూలల చెక్కపెట్టెలు రెండు, వాటి నడుమ మడతల తిత్తి. రెండు చేతుల్లో పట్టుకుని, దగ్గరికి నొక్కుతూ దూరానికి లాగుతూ, పెట్టెల మీది బొత్తాలను వేళ్లతో అదుముతారు. దీన్ని రూపొందించినవాడు లండన్‌లో వాద్యాలు తయారుచేసే కుటుంబానికి చెందిన చార్లెస్ వీట్‌స్టన్. మెరుగుపరిచిన కాన్సర్టీనాకు 1844లో పేటెంటు తీసుకున్నాడు. ఈ పేరు ఎక్కడో విన్నట్టుందా? పై తరగతుల్లో విద్యుత్ నిరోధాన్ని కొలవడానికి 'వీట్‌స్టన్ బ్రిడ్జి' నేర్చుకుంటారు. ఆ వీట్‌స్టన్ ఈయనే. తమాషా ఏమిటంటే, ఆ బ్రిడ్జిని మొదట కనిపెట్టింది ఆయన కాదు, శామ్యూల్ క్రిస్టీ. కాన్సర్టీనా మాత్రం ఆయనదే.

ఇప్పుడు ఈ వాద్యం టాబ్లెట్ తెర మీదికి ఎక్కింది. తెర మీద బొత్తాల బొమ్మలుంటాయి. తాకితే స్వరం పలుకుతుంది. బాగానే ఉంది, కాని గాజుపలకకు తిత్తి లేదే! మరి గాలి ఊదేది ఎవరు?

జవాబు వెతికే ముందు, తిత్తి చేసే పనేమిటో తెలుసుకోవాలి. ఒక చిన్న ప్రయోగం చేయండి. మీ స్టీలు స్కేలును బల్ల అంచున సగం బయటికి ఉంచి, బల్ల మీది సగాన్ని అరచేత్తో అదిమిపట్టి, బయటి కొనను మీటండి. జుమ్మని మోగుతుంది. బయటి భాగాన్ని పొట్టి చేస్తే స్వరం పైకి పోతుంది. ఇప్పుడు పొడవు మార్చకుండా ఒకసారి మెల్లగా, ఒకసారి గట్టిగా మీటి చూడండి. ధ్వని పెద్దదవుతుంది గాని, స్వరం దాదాపు అక్కడే ఉంటుంది.

కాన్సర్టీనాలోని రీడు కూడా ఇలాంటిదే. ఇత్తడితోనో ఉక్కుతోనో చేసిన పలుచని నాలుక అది. ఒక కొన బిగించి ఉంటుంది, రెండో కొన సన్నని సందులో ఊగుతుంది. బొత్తాం నొక్కితే గాలికి ఆ సందు గుండా దారి దొరుకుతుంది, నాలుక కంపిస్తుంది. ఏ స్వరం అన్నది నాలుక పొడవు, మందం, బరువులను బట్టి ఉంటుంది. ఎంత గట్టిగా అన్నది తిత్తిలోని గాలి ఒత్తిడిని బట్టి ఉంటుంది. ఒత్తిడి పెరిగితే ధ్వని పెద్దదవడమే కాదు, కాస్త పదునెక్కుతుంది కూడా.

ఇక్కడ ఒక సంగతి జాగ్రత్తగా గమనించండి. పియానోలో ప్రతి మెట్టుకూ ఒక సుత్తి ఉంటుంది. కాబట్టి ఒక వేలితో గట్టిగా, పక్క వేలితో మెల్లగా వాయించవచ్చు. కాన్సర్టీనాలో అలా కుదరదు. తిత్తి ఒక్కటే. మూడు బొత్తాలు నొక్కితే మూడింటికీ అదే గాలి. వాద్యం మొత్తానికీ ఒకే ఊపిరి అన్నమాట.

తెర పంపేది అంకెలు

తెరను తాకినప్పుడు ధ్వనిని పుట్టించేది ఆ బొత్తాల బొమ్మ కాదు, తీగతో టాబ్లెట్‌కు కలిపిన సింథసైజరు. విద్యుత్తుతో ధ్వనులను తయారుచేసే పరికరం అది. టాబ్లెట్ దానికి పంపేది ఉత్త అంకెలు. ఈ అంకెల భాషను మిడి అంటారు. 1983 జనవరిలో అమెరికాలో జరిగిన వాద్యాల ప్రదర్శనలో ఒక అమెరికా కంపెనీ సింథసైజరును, ఒక జపాను కంపెనీ సింథసైజరును తీగతో కలిపి చూపించారు. అంతవరకు ఒక కంపెనీ పరికరం మాట ఇంకో కంపెనీ పరికరానికి అర్థమయ్యేది అరుదు. ఈ పనికి ముందు నిలిచిన డేవ్ స్మిత్, ఇకుతారో కకెహాషీలకు 2013లో గ్రామీ సాంకేతిక పురస్కారం దక్కింది.

పియానో నడుమ ఉండే 'సి' అనే స్వరపు బొత్తాన్ని మీరు తాకారనుకుందాం. తీగలో మూడు అంకెలు బయలుదేరతాయి: 144, 60, 100. మొదటిదానికి 'పలుకు' అని అర్థం. రెండోది స్వరం సంఖ్య. మూడోది ఎంత బలంగా అన్నది. వేలు తీయగానే 128, 60, 0 వెళ్తాయి. అంటే 'ఆపు' అని. స్వరం సంఖ్య 12 పెరిగితే పౌనఃపున్యం రెట్టింపవుతుంది. 69వ స్వరం సెకనుకు 440 కంపనాలు. 81వ స్వరం ఎంతో మీరే చెప్పండి.

పాతకాలపు మిడి తీగ సెకనుకు 31,250 బిట్లు మోస్తుంది. ఒక్కో అంకెకు 10 బిట్లు. మూడు అంకెలకు 30. భాగించి చూస్తే, ఒక సందేశం చేరడానికి సెకనులో వెయ్యో వంతు కూడా పట్టదు.

ఇక అసలు చిక్కు. ఆ మూడో అంకె, బలం, ఎక్కడి నుంచి వస్తుంది? టాబ్లెట్ గాజు కింద కంటికి కనిపించని విద్యుత్ గళ్లు ఉంటాయి. మన వేలు విద్యుత్తును కొంత పోనిస్తుంది కాబట్టి, వేలు తగిలిన చోట గడిలోని విద్యుదావేశం కొద్దిగా మారుతుంది. దాన్నిబట్టి వేలు ఎక్కడుందో టాబ్లెట్‌కు తెలుస్తుంది. ఎంత గట్టిగా నొక్కారో మాత్రం తెలియదు. వేలు నొప్పిపుట్టేలా అదిమినా గాజుకు ఒకటే!

పియానో వాయించేవాడికి ఇది పెద్ద లోటు. కాన్సర్టీనాకు మాత్రం ఇదొక అదృష్టం. దానికి వేలి బలంతో పనే లేదు గదా! ప్రతి స్వరానికీ 100 అనే ఒకే అంకె పంపి ఊరుకోవచ్చు. మొత్తం వాద్యానికి కావలసిన ఆ ఒక్క ఊపిరిని వేరుగా తెచ్చుకుంటే చాలు. అందుకు మిడిలో తగిన సందేశం ముందునుంచే ఉంది: 176, 11, ఆపైన 0 నుంచి 127 దాకా ఏదో ఒక అంకె. దీని పని, మోగుతున్న స్వరాలన్నింటినీ ఒకేసారి పెంచడం, తగ్గించడం. సింథసైజరులో ధ్వని పదునును కూడా ఈ అంకెకే ముడివేస్తే నిజమైన రీడుకు మరింత దగ్గరవుతుంది.

ఆ అంకెను పుట్టించే ఒక తేలిక మార్గం టాబ్లెట్‌ను వంచడం. లోపల అతి చిన్న సిలికాన్ ముక్క ఒకటి స్ప్రింగుల వంటి వాటిపై వేలాడుతుంటుంది. టాబ్లెట్‌ను వంచితే గురుత్వాకర్షణ ఆ ముక్కను ఒక పక్కకు లాగుతుంది. ఎంత లాగిందో కొలిస్తే వంపు తెలుస్తుంది. త్రికోణమితి చదివినవారికి ఇది చిటికెలో పని: లాగుడు, వంపు కోణపు సైన్ విలువను బట్టి ఉంటుంది. 30 డిగ్రీలకు సైన్ విలువ సగం. 127లో సగం సుమారు 64. టాబ్లెట్‌ను చదునుగా పెడితే 0, నిశ్శబ్దం. నిటారుగా నిలిపితే 127, పూర్తి గొంతు.

కాని ఆ ముక్కకు వంపుకూ కుదుపుకూ తేడా తెలియదు. చెయ్యి వణికితే స్వరమూ వణుకుతుంది. దాన్ని సరిచేయాలంటే గత కొన్ని కొలతల సగటు తీయాలి. సగటు తీయాలంటే కొంచెం ఆగాలి. ఎక్కువ ఆగితే వాయించినదానికీ వినిపించినదానికీ ఎడం వస్తుంది. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. కాబట్టి సెకనులో వందో వంతు ఆలస్యమంటే, మీ వాద్యం మీకు 3.4 మీటర్ల దూరంలో మోగినట్టు. అంతవరకు సర్దుకోవచ్చు. దానికి నాలుగైదు రెట్లయితే తాళం చెదురుతుంది. తీగలేని ఇయర్‌ఫోన్లతో ఇలాంటి వాద్యం వాయించబోయినవారు చిరాకుపడేది ఇందుకే.

కాన్సర్టీనాల్లో ఇంకో జాతి ఉంది, ఆంగ్లో అంటారు. అందులో తిత్తిని నొక్కితే ఒక స్వరం, లాగితే మరొకటి, బొత్తాం మాత్రం అదే. దీన్ని తెర మీదికి తేవడం సరదా అయిన లెక్క. కుడికి వంచితే సైన్ విలువ ధనం, ఎడమకు వంచితే ఋణం. ఆ గుర్తునే నొక్కుడు, లాగుడు అనుకోవచ్చు. కాని సున్నా దగ్గర చెయ్యి కాస్త ఊగినా రెండు స్వరాలూ మార్చి మార్చి గిలగిల్లాడతాయి. అందువల్ల సున్నాకు అటూ ఇటూ రెండు మూడు డిగ్రీల మేర ఏ స్వరమూ పలకని ఖాళీ వదలాలి. నిజమైన తిత్తి కూడా దిశ మారేటప్పుడు క్షణం పాటు మూగబోతుంది. ఇక్కడ లెక్కా వాద్యమూ ఒకటే దారి పట్టాయి.

అయితే తెర మీద దొరకనివి దొరకవు. నిజమైన బొత్తాలను చూడక్కరలేదు, వేలికే తెలుస్తాయి. గాజు మీద కళ్లు ఆన్చి వాయించాలి. లాగేకొద్దీ తిత్తి చేతులకు ఎదురు తిరుగుతుంది. ఎంత గాలి మిగిలిందో వాయించేవాడికి ఆ బిగువే చెబుతుంది. వంచిన గాజుపలక ఏమీ చెప్పదు. నన్నడిగితే, లోట్లలో పెద్దది ఇదే.

బదులుగా రీడుకు చేతకాని పని ఒకటి గాజుకు వచ్చు. రీడు నుంచి గమకం పలికించడం కష్టం. హార్మోనియం మీద కర్ణాటక సంగీత విద్వాంసుల ఫిర్యాదు కూడా అదే. తెర మీద వేలిని కొద్దిగా జరిపితే, స్వరాన్ని వంచే సందేశం పంపవచ్చు. అందులో 16,384 మెట్లున్నాయి. అయితే మిడిలో ఒకే మార్గంలో పోయే స్వరాలన్నీ కలిసి వంగుతాయి. ఒక వేలు గమకం వేస్తుంటే, రెండో వేలు పట్టుకున్న షడ్జమం కూడా జారిపోతుంది! అందుకే 2018లో ఒక పద్ధతి ఖాయం చేశారు. మిడికున్న 16 మార్గాల్లో ఒక్కో వేలికి ఒక్కో మార్గం ఇస్తారు. ఏ వేలి వంపు దానిదే. ఊపిరి అంకె మాత్రం అన్ని స్వరాలకూ ఉమ్మడిగా మొదటి మార్గంలో పోతుంది.